ఎగిరేవాడిది ఒక టికెట్

ఫిబ్రవరి 4

మావయ్యకు,

నీ పిల్లికూన నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు సణుక్కోకముందే చెబుతున్నాను. పోయినసారి ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, చెప్పు" అన్నావు. ఆ తర్వాత నలభై నిమిషాలు అత్తయ్యే మాట్లాడింది. ఆవిడ చేతికి వెళ్ళిన ఫోన్ మళ్ళీ నీ దగ్గరికి రాదు. ఈ విషయం నీ ఒక్కడితోనే చెప్పాలి, అందుకే ఉత్తరం.

మేం పనిచేసిన సినిమా ఒకటి ఈ శుక్రవారం విడుదలవుతోంది. పేరు 'ఉక్కుడేగ'. నువ్విప్పుడు మొహం ఎలా పెట్టి ఉంటావో నాకు తెలుసు. అవును, హీరోకి రెక్కలున్నాయి. అవును, లోకం అంతమైపోబోతుంటే ఆపుతాడు. ఇలాంటివి చూసి చూసి నీకు మొహం మొత్తిందనీ తెలుసు. అయినా నువ్వు వెళ్ళి చూడాలి.

నా ఉద్యోగం ఏమిటని వీధి చివర టీచరమ్మగారు అడిగితే "నడుస్తుంది" అన్నావట. తప్పేం లేదు. తెర మీద వాళ్ళు నడుస్తుంటే, వాళ్ళని చూస్తూ మైకు ముందు నేను నడుస్తాను. మా గదిలో ఇసుక గుంట, కంకర గుంట, చెక్క పలకలు, రాతిమెట్లు ఉన్నాయి. బీరువా నిండా చెప్పులూ బూట్లూ. ప్రతి జతకీ గురువుగారు తన చేత్తో చీటీ రాసి కట్టారు: 'పోలీసు', 'కాలేజీ అమ్మాయి', 'దొంగ', 'దొంగ (పశ్చాత్తాపం తర్వాత)'. సినిమాలో వినిపించే అడుగులన్నీ ఆ బీరువాలోంచి వచ్చినవే.

గురువుగారు వచ్చే నెల పదో తారీకున మానేస్తున్నారు. ఆ గది నన్ను తీసుకోమంటున్నారు. స్టూడియో ఓనరు మాత్రం గది ఎందుకు, కంప్యూటర్లో అరవై వేల అడుగుల చప్పుళ్ళు ఉన్నాయి, కుర్చీలో కూర్చుని అతికించుకో అంటున్నాడు. గురువుగారేమో "ప్రేక్షకుడికి మన పని తెలియకపోవడమే మన గొప్ప" అంటారు. ఓనరు కూడా అదే మాట పట్టుకుని "ఎవరికీ తెలియనిదానికి మనిషెందుకు" అంటున్నాడు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. నాకు పిచ్చెక్కుతోంది.

చిన్నప్పుడు నన్ను ప్రొజెక్టర్ క్యాబిన్లో తెరకి వీపు పెట్టి కూర్చోబెట్టి, ఇప్పుడేం జరుగుతోందో విని చెప్పమనేవాడివి. ఇప్పుడు నీ వంతు. ఈ సినిమాలో ఒక్కచోట నా పని నాకు నిజంగా నచ్చింది. ఎక్కడో చెప్పను. నువ్వు విని, అక్కడ ఎవరో మనిషి చేసిన పని ఉందని పట్టుకుంటే గది తీసుకుంటాను. నీ చెవులకే దొరక్కపోతే ఇక ఎవరికీ దొరకదు, కుర్చీలో కూర్చుంటాను.

మొహమాటానికి పోకు.

నీ
పిల్లికూన


ఫిబ్రవరి 8

పిల్లికూనకి,

మావయ్య ఆశీస్సులు. ఉత్తరం అందింది. నీ సంగతికి వచ్చేముందు ఒక ముఖ్యమైన విషయం. నా తోలుచెప్పులు కనిపించడం లేదు. నువ్వు సెలవుకి వచ్చి వెళ్ళిన వారం నుంచీ వెతుకుతున్నాను. రీలు డబ్బా పడి నా ఎడమ కాలు వంకర తిరిగాక ఏ చెప్పూ నాకు సరిపోలేదు. పన్నెండేళ్ళు అరగదీసి అరగదీసి ఆ జతని దారికి తెచ్చుకున్నాను. మీ అత్తయ్య పాత సామాన్లవాడికి ఇచ్చేసిందని నా అనుమానం. ఆ మాట పైకి అన్నాను కూడా. నాలుగు రోజులుగా కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది, రండి అని పిలవడం లేదు. నీకేమైనా తెలిస్తే రాయి.

ఇక నీ డేగ. ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా ఎన్ని సినిమాలు వేశానో నీకు తెలుసు. ఎంత చెత్త సినిమా అయినా రోజుకి మూడుసార్లు చూశాను, ఏనాడూ విసుక్కోలేదు. ఈ ఎగిరేవాళ్ళు వచ్చాకే నాకు ఆవులింతలు మొదలయ్యాయి. వాడికి ముందు బలం ఉండదు, తర్వాత వస్తుంది, మధ్యలో పోతుంది, చివర్లో మళ్ళీ వస్తుంది. ఈలోగా ఆకాశానికి చిల్లు పడి అందులోంచి ఏవో దిగుతాయి. మేడలు కూలుతాయి. ఇన్ని మేడలు కూలాయి కదా, మర్నాడు ఒక్కడైనా చీపురు పట్టుకుని వస్తాడేమోనని చూస్తాను. రాడు. వీళ్ళు లోకాన్ని రక్షిస్తారు గానీ ఊడవరు.

అయినా నువ్వు అడిగావు కాబట్టి వెళ్తాను. నా చెవుల సంగతి నీకు తెలుసు. హాల్లో చివరి వరసలో కుర్చీ కిర్రుమంటే నంబరు చెప్పినవాణ్ణి. నీ పని ఎక్కడ దాక్కున్నా పట్టుకుంటాను.

మీ
మావయ్య


ఫిబ్రవరి 14

పిల్లికూనకి,

చూశాను. మీ అత్తయ్య రానంది, ఒక్కణ్ణే వెళ్ళాను. ఇప్పుడవి హాళ్ళు కావు కదా, ఒక పెద్ద బజారు. మూడంతస్తులు కదిలే మరమెట్లు ఎక్కితే ఎనిమిది తలుపులు, ఎనిమిదింటి మీదా వీపు చూపిస్తూ నిలబడ్డ ఎవడో ఒకడి బొమ్మ. క్యాబిన్ ఎక్కడమ్మా అని అడిగితే టికెట్ చించే అమ్మాయి, క్యాబిన్ అంటే ఏంటండీ అంది. సరే, ఆ బాధ వేరు.

మొహమాటానికి పోవద్దన్నావు, పోవడం లేదు. మొదట బలం లేదు, తర్వాత వచ్చింది, పోయింది, వచ్చింది. ఆకాశానికి చిల్లు పడింది. పదకొండు మేడలు కూలాయి. చప్పుడు మాత్రం దండిగా ఉంది, చెవుల్లో రోలు పెట్టి దంచినట్టు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను, నీకు మాటిచ్చాను కాబట్టి నిద్రపోలేదు. ఎంత వెతికినా అందులో మనిషి చేసిన పని నాకు దొరకలేదు, తల్లీ. అన్నీ కంప్యూటరు గారే చేసినట్టున్నాయి. అడుగులు నీ పని కదా అని వాటి కోసమే కాచుకుని కూర్చున్నాను. వాడు నడిస్తేగా! మొదటి నుంచి చివరి దాకా ఎగురుతూనే ఉన్నాడు.

ఒక్కచోట గాజు గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు బాగుంది. అదేనా నీది? అదైతే బాగుంది.

తప్పుగా అనుకోకు. అబద్ధం చెబితే నీకే తెలిసిపోతుంది. ఓనరు చెప్పిన కుర్చీ కూడా మంచిదేనేమో, నీ మోకాళ్ళకి సుఖం.

చెప్పులు దొరకలేదు. బజారుకి రబ్బరువి వేసుకుని వెళ్ళాను, జారాను, పడలేదు.

మీ
మావయ్య


ఫిబ్రవరి 19

మావయ్యకు,

గ్లాసు నాది కాదు.

నీ ఉత్తరం స్టూడియోలోనే చదివాను. చదివి ఇసుక గుంట గట్టు మీద కాసేపు కూర్చున్నాను. నీ మీద కోపం లేదు, నిజం చెప్పమన్నది నేనే. కానీ ఎగురుతూనే ఉన్నాడన్న మాట మాత్రం గుచ్చుకుంది. సినిమా సగం దాటాక వాడి రెక్కలు విరిగిపోతాయి. కవచం విప్పి పారేసి, ఎవరివో పాత చెప్పులు అడిగి వేసుకుని, మామూలు మనిషిలా ఇంటికి నడిచి వస్తాడు. నాలుగు నిమిషాలు. మాట లేదు, సంగీతం లేదు. దర్శకుడు సంగీతం పెట్టి చూసి, వద్దు, అడుగులు చాలని తీసేశాడు. వీధి, వరండా, తొమ్మిది మెట్లు, గుమ్మం. ఆ నాలుగు నిమిషాల కోసం నేను పదకొండు రోజులు నడిచాను. అది నీకు నడకలాగే అనిపించలేదంటే ఇక నేను చెప్పడానికి ఏముంది?

గురువుగారికి గది వద్దని చెప్పేశాను. ఆయన బీరువాలో 'ముసలి జమీందారు' బూట్లకి పాలిష్ పెడుతూ ఉండిపోయారు.

బాధపడకు. కుర్చీ మెత్తగానే ఉంది, కూర్చుని చూశాను. కిటికీ పక్కనే. మధ్యాహ్నం ఎండ వస్తుంది.

అత్తయ్యని ఇంకేం అనకు, చెప్పులు ఆవిడ ఇవ్వలేదు.

పిల్లికూన


ఫిబ్రవరి 23

పిల్లికూనకి,

నీ ఉత్తరం చదివాను. పదకొండు రోజులు నడిచిన పిల్ల అడుగులు నాకు వినపడలేదంటే నా చెవులు పోయాయన్నమాట. వంటింట్లో చెంచా ఒకటి కింద పడెయ్యమని మీ అత్తయ్యని అడిగాను. అలకలో ఉంది కదా, పెద్ద గిన్నె పడేసింది. వినపడింది. వీధి చివర టీచరమ్మగారి గేటు గడియ కూడా వినపడింది. చెవులు బాగానే ఉన్నాయి. మరి మెట్లేవి? విరిగిన రెక్కలేవి? నేను చూసినవాడికి అసలు రెక్కలే లేవు, మోచేతుల్లోంచి పొగ వచ్చేది.

అప్పుడు అనుమానం వచ్చి టికెట్ల పుస్తకం తీశాను. చూసిన ప్రతి సినిమా టికెట్టూ అందులో అంటిస్తానని నీకు తెలుసు కదా. కళ్ళజోడు పెట్టుకుని చదివితే ఏముంది: 'నిప్పుకవచం'.

జరిగింది ఇదీ. కౌంటర్లో అమ్మాయి ఏ సినిమాకి అని అడిగింది. సమయానికి పేరు నోటికి రాలేదు. వెనక జనం. "ఎగిరేవాడిది ఒకటి ఇవ్వమ్మా" అన్నాను. ఇచ్చింది. అక్కడ ఆ రోజు ఇద్దరు ఎగురుతున్నారని నాకేం తెలుసు? ఆ అమ్మాయైనా ఏ ఎగిరేవాడు అని అడగొద్దూ? ఆమె తప్పు కూడా కాదులే. రెండున్నర గంటలు కూర్చుని, బయటికి వచ్చి, నీకు ఉత్తరం రాసి పోస్టులో వేసిన నాకే తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు ఒక్కనాడు కూడా ఒక సినిమా రీలు ఇంకో సినిమాలో వెయ్యనివాణ్ణి, కూర్చోవడానికి వెళ్ళి తప్పు హాల్లో కూర్చున్నాను.

నవ్వుకో, తిట్టుకో, ఏమైనా చేసుకో, గది మాత్రం వదులుకోకు. గురువుగారికి నా పేరు చెప్పి నాలుగు రోజులు ఆగమను. మళ్ళీ వెళ్తాను. ఈసారి మీ అత్తయ్యని తీసుకెళ్తాను, టికెట్ మీద పేరు చదవడానికి.

చెప్పులు ఆవిడ ఇవ్వలేదని నీకెలా తెలుసు?

సిగ్గుతో
మావయ్య


ఫిబ్రవరి 27

మావయ్యకు,

బస్సులో చదివాను. పక్కసీటావిడ ఏమైందమ్మా అని అడిగేంత నవ్వాను. గురువుగారికి చెబితే పాలిష్ డబ్బా పక్కన పెట్టి మరీ నవ్వారు. కానీ చూడు, నిప్పుకవచం మీద నువ్వు రాసిందంతా మా సినిమాకి కూడా అచ్చంగా సరిపోయింది, చిల్లుతో సహా. అందుకే నాకూ అనుమానం రాలేదు. నీ విసుగులో న్యాయం ఉంది.

గురువుగారు ముందే నాకిచ్చిన గది తాళంచెవి వెనక్కి తీసుకోలేదు. పదో తారీకు దాకా నీ దగ్గరే ఉండనీ అన్నారు. ఓనరు మాత్రం కుర్చీ మీద నా పేరు అంటించేశాడు.

ఒక్కటే భయం. ఇప్పుడు ఎక్కడ వినాలో నేనే చెప్పేశాను. నువ్వు పట్టుకున్నా అది పట్టుకున్నట్టు కాదు. పైగా తప్పు చేశానన్న బాధతో ఆకాశానికెత్తేస్తావు. అలా మాత్రం చెయ్యకు మావయ్యా. అంతకంటే ఎగురుతూనే ఉన్నాడన్న మాటే నయం.

చెప్పుల సంగతి తర్వాత రాస్తాను.

నీ
పిల్లికూన


మార్చి 4

పిల్లికూనకి,

నిన్న మ్యాట్నీకి వెళ్ళాం. మీ అత్తయ్య టికెట్ మీద పేరు రెండుసార్లు చదివింది, తలుపు మీద బొమ్మతో సరిచూసింది, రెక్కలున్నాయా అని లోపల మనిషిని అడిగింది. నాతో మాత్రం ఒక్క మాట లేదు. ఆకాశానికి చిల్లు పడేలోపే నిద్రపోయింది. మన హాల్లో బాల్కనీలో కూర్చున్నా అంతే, నీకు తెలియనిదేముంది.

నేను రాసేది నమ్ము. ఆకాశానికెత్తడం లేదు. మొదటి సగం నాకు అదే ఆవులింత. రెక్కలు విరిగాయి. వాడు చెప్పులు వేసుకున్నాడు. నడిచాడు. హాలు మొత్తంలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయేసరికి నేను సర్దుకుని కూర్చున్నాను. వీధిలో కంకర, వరండాలో గచ్చు, నేల మారినప్పుడల్లా అడుగు మారుతోంది. ఎడమ కాలు రవ్వంత ఆలస్యంగా పడుతోంది. దెబ్బ తగిలింది కదా, బాగా చేసింది పిల్ల అనుకున్నాను. అంతే అనుకున్నాను. పరీక్ష పేపరు దిద్దేవాడిలా కూర్చుని, నా చెవులకి నేనే మార్కులు వేసుకుంటున్నాను.

వాడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాలుగో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కాడు. పైకి వచ్చాడు. గుమ్మం ముందు ఒక చెప్పుతో రెండో చెప్పుని వెనక నుంచి నొక్కి విడిచాడు. అప్పుడు నా పక్కన మీ అత్తయ్య, కళ్ళు మూసుకునే, వంటింట్లోంచి చెప్పినట్టు ఇంత గొంతుతో అంది.

"తలుపు తీసే ఉంది, నెట్టుకుని రండి."

ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళు రోజూ రాత్రి డ్యూటీ దిగి నేను మెట్లెక్కుతుంటే ఆవిడ అనే మాట అది. మా ఇంటి తలుపు నేను ఒక్కనాడూ తట్టలేదు. ఎందుకు తట్టాల్సిన పని లేకపోయిందో నిన్నటి దాకా ఆలోచించనే లేదు. నా కాళ్ళ వంక చూసుకున్నాను. రబ్బరు చెప్పులు. అప్పటికి గానీ అర్థం కాలేదు, నా తోలుచెప్పులు ఎక్కడున్నాయో.

మనిషి నడక మనిషికి వినపడదు కాబోలు. నాలుగో మెట్టు మీద నేను ఆగుతానని నాకే తెలియదు. నువ్వు ఎప్పుడు చూశావు? క్యాబిన్ మెట్ల మీద నా వెనకాల చప్పుడు లేకుండా వచ్చేదానివి, అప్పుడా? నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీకటి కాబట్టి పరువు దక్కింది.

పట్టుకున్నట్టు కాదన్నావు. నిజమే, నేను పట్టుకోలేదు. మీ అత్తయ్య కూడా పట్టుకోలేదు. ఆవిడకి సినిమా లేదు, తెర లేదు, నేను ఇంటికొచ్చానంతే. ఓనరు గారి అరవై వేల చప్పుళ్ళలో నిద్రలో ఉన్న మనిషి చేత తలుపు తీసే ఉందనిపించేది ఒక్కటి ఉంటే చూపించమను. గది తీసుకో. ఇది మావయ్య మాట కాదు, ముప్పై నాలుగేళ్ళ ఆపరేటరు మాట.

సినిమా అయ్యాక మీ అత్తయ్యకి తప్పయిపోయిందని చెప్పాను. ఏ తప్పు అని అడిగింది. చెప్పుల తప్పు అన్నాను. అదొక్కటేనా అంది. కింద ఆవిడ కూడా రాస్తానంటోంది, కాగితం లాక్కుంటోంది.

మీ
మావయ్య

అమ్మాయీ, నేనేం నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నానంతే. హాల్లో నేను ఏదో అన్నానని మీ మావయ్య ఊరంతా చెబుతున్నారు, నాకైతే గుర్తులేదు. ఆ అబ్బాయి ఇంటికి వచ్చేటప్పుడు బాగా అలిసిపోయి ఉన్నాడు, అది మాత్రం తెలిసింది. అంత అలిసి వచ్చినవాడికి ఎవరైనా ఇంత టీ పెట్టి ఇచ్చారో లేదో మీ సినిమావాళ్ళు చూపించలేదు. వెంటనే మళ్ళీ ఎగరేశారు. - అత్తయ్య


మార్చి 10

మావయ్యకూ, అత్తయ్యకూ,

ముందు దొంగతనం ఒప్పుకుంటాను. సెలవుకి వచ్చినప్పుడు చెప్పులు నేనే సంచిలో వేసుకున్నాను. అడిగితే ఇస్తావు, కానీ ఎందుకని అడుగుతావు, చెబితే ఇక నీ చెవులతో ఆట చెడిపోతుంది. వారంలో పంపించేద్దామనుకున్నాను. దర్శకుడు బీరువాలోని ఏ జతా ఒప్పుకోలేదు. ఇవి వేసుకుని రెండడుగులు వేయగానే రికార్డిస్టు తలెత్తి చూశాడు. అత్తయ్యా, నా మూలంగా నువ్వు మాట పడ్డావు, క్షమించు.

నాలుగో మెట్టు సంగతి అడిగావు. నీకు చెప్పులు సరిపోక అవస్థపడిన రోజుల్లోనే నేను క్యాబిన్ మెట్ల మీద నీ వెనక వచ్చేదాన్ని. నువ్వు రీలు డబ్బా నాలుగో మెట్టు మీద దించి, చెయ్యి మార్చుకునేవాడివి. డబ్బా పోయినా ఆగడం పోలేదు.

నీ ఉత్తరం గురువుగారు రెండుసార్లు చదివించుకున్నారు. నేను మళ్ళీ అదే పాత ప్రశ్న అడిగాను, మన పని తెలిసినట్టా, తెలియనట్టా అని. "ఆవిడ తలుపు తీసింది కదమ్మా, ఇంకేం కావాలి" అన్నారు. అని, తన చెప్పులు వేసుకుని, బీరువా మొత్తం ఒకసారి చూసుకుని వెళ్ళిపోయారు. మెట్లు దిగుతున్నంతసేపూ విన్నాను. మా గురువుగారి నడక ఎలా ఉంటుందో ఇవాళే మొదటిసారి పట్టించుకున్నాను.

ఓనరు దగ్గరికి వెళ్ళి కుర్చీ వద్దన్నాను. కారణం అడిగితే అత్తయ్య మాట చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూసి, సరే, ఒక ఏడాది చూద్దామన్నాడు. నాకు ఏడాది చాలు. కుర్చీ మీద నా పేరు నేనే గీకేశాను, కొంచెం జిగురు మిగిలింది.

తాళంచెవి నా దగ్గర ఉంది. గదిలో నేను చేసిన మొదటి పని నీ చెప్పులకి చీటీ మార్చడం. ఇన్నాళ్ళూ దాని మీద 'ఉక్కుడేగ, రెక్కలు విరిగాక' అని ఉండేది. ఇప్పుడు 'మావయ్య, ఇంటికి వచ్చేటప్పుడు' అని రాశాను. కాబట్టి అవి ఇక నీకు రావు.

బదులుగా కొత్త జత పార్సిల్లో పంపిస్తున్నాను, అదే కొలత. మొదట కరుస్తాయి, ఓర్చుకో. రోజూ వేసుకుని బజారుకి వెళ్ళు, మెట్లెక్కు, ఎడమది బాగా అరగనీ. అరిగాక నాకే పంపాలి. వచ్చే ఏడాది ఉక్కుడేగ రెండో భాగం వస్తోంది, ఈసారి దర్శకుడు వాణ్ణి ఇంకాస్త ఎక్కువసేపు నడిపిస్తానంటున్నాడు. టీ సంగతి ఆయనకి చెప్పాను. రాసుకున్నాడు.

మీ
పిల్లికూన